గోడలో తేనెపట్టు

ఇంటి చెక్కగోడ లోపలి సందులో చేరిన తేనెటీగలను తరిమేస్తానని బావ సుత్తి ఎత్తాడు. తేనెటీగలు పెంచే బావమరిది అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఈగలకు జడిసేవాడివి ఈ పనిలోకి ఎందుకొచ్చావోయ్? సరే, ఆరు పలకల గదులే ఎందుకు కడతాయో చెప్పు, వీటిని వదిలేస్తా," అన్నాడు బావ.

"గుండ్రంగా కడితే మధ్యలో సందులు వృథా, బావా. ఇలాగైతే ఒక్క గోడే రెండు గదులకూ సరిపోతుంది. చిటికెడు మైనం బోలెడు తేనె మోస్తుంది."

అంటూనే గోడను కింది నుంచి పైదాకా తట్టాడు. ఎక్కడా డొల్లగా మోగలేదు; సందంతా పైదాకా పట్టుతో నిండిపోయింది. తల ఎత్తాడు. పట్టు పాకిన పైకప్పు చెక్క తేనె బరువుకు కిందికి వంగి ఉంది. చెల్లెలు ఊపుతున్న ఉయ్యాల దానికే వేలాడుతోంది.

"చెల్లీ, పాపను తీసుకుని బయటికి పద."

"ఇప్పుడే నిద్రపోయిందన్నయ్యా!"

"లేస్తే లేవనీ."

ఆమె ఊపడం ఆపింది. పైన చెక్క కిర్రుమంటూనే ఉంది.