కౌజుపిట్ట చెప్పిన తీర్పు

“ఆ బొమ్మ ఆపకండి బాబూ!”

ప్రొజెక్టర్ వైరు పీకబోతున్న యుగంధర్ ఆగాడు.

విజయనగరం గ్రంథాలయంలో నెలకోసారి పాత విదేశీ వర్ణచిత్రాల గురించి మాట్లాడతాడాయన. ఇంట్లో మాట్లాడటానికి మనిషి లేడు, అందుకని ఇక్కడ. వచ్చిన నలుగురూ టీ తాగి జారుకున్నారు. చివరి వరసలో ఈ ముసలాయన ఒక్కడే మిగిలాడు.

“ఆ నీల్లల్లో కాళ్లు ఎవులివి?”

యుగంధర్‌కి ప్రాణం లేచొచ్చింది. అడిగినవాడే దేవుడు.

“ఇకారస్ అని గ్రీకు పిల్లాడు పెద్దాయనా. చెరలోంచి తప్పించడానికి తండ్రి మైనంతో రెక్కలు చేసి కట్టాడు. ఎండకి మైనం కరిగి సముద్రంలో పడ్డాడు.”

“మరి తండ్రేడి?”

“బొమ్మలో లేడు.”

ముసలాయన లేచి తెర దగ్గరికి వచ్చాడు.

“తప్పెవులిది బాబూ? పిల్లోడిదా, రెక్కలు కట్టినోడిదా?”

ఇన్నేళ్లలో ఇలాంటి ప్రశ్న ఎవరడిగారు! యుగంధర్ ఉత్సాహంగా కొమ్మ మీది చిన్న పిట్టను చూపించాడు.

“గుట్టంతా ఈ కౌజుపిట్టలో ఉంది. ఆ తండ్రి అంతకుముందు మేనల్లుణ్ణి ఎత్తు మీంచి తోసేస్తే, వాడే ఇలా పిట్టయ్యాడు. అందుకే దాన్ని ఇక్కడ కూర్చోబెట్టాడు చిత్రకారుడు. తప్పు తండ్రిదే. కొడుకుని చంపింది ఆయనే!”

వేరే అర్థాలు చెప్పినవాళ్లూ ఉన్నారని యుగంధర్‌కి తెలుసు. కానీ ఇదైతే బాగా పేలుతుంది.

ముసలాయన తెర మీద చెయ్యి పెట్టాడు. పిట్ట ఆయన వేళ్ల మీదికి వచ్చింది.

“నానూ అదే అంతన్నాను. అందరూ కాదంతన్నారు,” అన్నాడు మెల్లిగా. దణ్ణం పెట్టి వానలోకి వెళ్లిపోయాడు.

తన మాటకి తలూపే మనిషి దొరికాడు! యుగంధర్ ఎన్నాళ్లకో హాయిగా నవ్వుకున్నాడు. తలుపులు వేయడానికి వచ్చిన ఆయా దానమ్మని అడిగాడు.

“ఆయనెవరమ్మా? మంచి రసికుడు. వచ్చే నెల కూడా రమ్మను.”

“మా జగన్నాధం బావ సార్. సముద్రం మీదికెల్లే పడవలు కడతాడు. ఇంటికాడ ఒకటే ఏడుపు. సదువుకున్న బాబులు నాలుగు మంచి మాటలు సెప్తారు, రా అని నానే తీసుకొచ్చినాను.”

“ఏడుపెందుకు?”

“కొత్త పడవ నీటిలో దింపితే, కట్టినోడి కొడుకే ముందెక్కాల. అది ఆల ఇంటి వాడుక. మొన్న కార్తీకంలో ఆయనే సెయ్యట్టుకుని కొడుకుని ఎక్కించినాడు సార్, పడవొక్కటే ఒడ్డుకొచ్చినాది.”