ఓదార్పు పూస

ఉద్యోగం చేసే ఆడవాళ్లందరి చెవుల్లోకీ పూస వచ్చేశాక బ్యాంకులో గానీ బడిలో గానీ ఎవరూ ఎవరినీ నొప్పించడం లేదు. ఎదుటి మనిషి గొంతు విని ఏ మాట అనాలో పూసే చెబుతుంది. రాజమండ్రిలో ఒక పెద్దాసుపత్రిలో చావుకబురు చెప్పడమే మృదుల ఉద్యోగం. ఆమెకైతే వచ్చినవాళ్లను బట్టి గీతలో మాటో, బైబిలు వాక్యమో కూడా పూస అందిస్తుంది. ఏళ్ల తరబడి ఆమె నోట ఒక్క మాటా తడబడలేదు.

ఆ ఉదయం కబురు చెప్పాల్సింది సొంత అక్క నీరజకి. ఆపరేషన్ బల్ల మీదే బావ పోయాడు.

అక్కతో మాట్లాడ్డానికి ఇదెందుకని మృదుల పూస తీసి జేబులో వేసుకుంది. వరండా బెంచీ మీద నీరజ టిఫిన్ క్యారేజీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. చెల్లెలి మొహం చూడగానే లేచి నిలబడింది.

"ఏమైందే?"

మృదుల అక్క భుజం మీద మెల్లగా చెయ్యి వేసింది.

"మీ బాధ మాకు అర్థమవుతోందమ్మా. ఆయన ప్రశాంతంగా వెళ్లిపోయారు."

క్యారేజీ జారిపడి పప్పుచారు నేలంతా పారింది. నీరజ మాత్రం చెల్లెలి మొహంలోకే చూస్తూ ఉండిపోయింది.

"నన్ను మీరంటావేంటే?"

మృదుల తన మాట కోసం లోపలంతా వెతుక్కుంది. ఒక్కటీ దొరకలేదు. చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది.

అది చూసి నీరజ చెల్లెల్ని గుండెలకు అదుముకుని రాగం ఎత్తుకుంది.

"ఎక్కడికి పోయావు, నా బంగారూ..."

వరండాలో ఉన్నవాళ్లంతా మొగుడి కోసమే అనుకున్నారు. నీరజ మొగుణ్ణి ఏనాడూ 'ఏవండీ' అనే తప్ప పిలవలేదని మృదుల ఒక్కదానికే తెలుసు.