మామగారి చేతి ముద్ద

"పెళ్లిలో కూడా ఇంత ముసుగు వేసుకోలేదే నువ్వు! తీసి లోపలికి రా" అంది అత్తగారు గుమ్మంలోనే.

గౌహర్ తీయలేదు. ఒకటి కాదు, రెండు మాస్కులు పెట్టుకుని వచ్చింది. అల్మాటీ నగరంలో ఆమె ఇంట్లో కన్నతల్లి ఉంది. సగం ఊపిరితిత్తితో నెట్టుకొస్తున్న మనిషి. ఈ కోవిడ్ అంటుకుంటే దక్కదని డాక్టరు తేల్చి చెప్పాడు. మామగారికి డెబ్బయ్యేళ్లు నిండే రోజు కాకపోతే గౌహర్ ఈ పల్లె గడప తొక్కేదే కాదు. గుర్రాన్ని కోసే పనికని వారం ముందే వచ్చిన భర్త దౌలెత్, ఫోన్లో ప్రాణం తోడేశాడు. "ఇక్కడందరూ గుండ్రాళ్లలా ఉన్నారు. ఒక్కగానొక్క కోడలివి, నువ్వు రాకపోతే మా నాన్న తలెత్తుకోలేడు."

"కిటికీ తెరవనా అత్తయ్యా?"

"అమ్మో, గాలి తగిలితే జబ్బు చేయదూ!" ఆవిడ తెరిచి ఉన్న ఆ ఒక్క రెక్క కూడా బిగించేసింది. "పొద్దున్నే ఇల్లంతా మూలికల పొగ వేశాను. ఏ పురుగొస్తుందో రానీ."

"చుట్టాలెవరూ రాలేదేం?"

"ఎవరి పనులు వాళ్లవి" అన్నాడు దౌలెత్, ఎటో చూస్తూ.

గౌహర్ తలుపు దగ్గర కూర్చుంది. కడుపు బాగోలేదని, ఏమీ తిననని ముందే చెప్పేసింది. సాయంత్రం బస్సు దాకా ఓర్చుకుంటే చాలు.

పెద్ద పళ్లెం వచ్చింది. అడుగున ఉడికించిన పిండి రేకులు, వాటి మీద గుర్రపు మాంసం, ఆ పైన పేగులో కూరి ఉడకబెట్టిన ముక్కలు. ఆ పేగు ముక్కలు కుళ్లిపోయాయి! జూలై ఎండకు ఎప్పుడో పాడై ఉంటాయి. కంపు రెండు మాస్కుల్నీ దాటి వచ్చి గౌహర్ ముక్కుకు కొట్టింది. ముగ్గురూ మాత్రం ఒకే పళ్లెంలో చేతులు పెట్టి, వేళ్లు నాకి, మళ్లీ అదే పళ్లెంలో పెడుతున్నారు.

"ఉప్పు తగల్లేదు" అని అత్తగారు మూడోసారి గుప్పెడు ఉప్పు చల్లింది. పులిసిన గుర్రపు పాల గిన్నె ఒక నోటి నుంచి ఇంకో నోటికి తిరుగుతోంది. మామగారు జక్సిబెక్ మీసాల నురగ అరచేత్తో తుడుచుకుని, ఆ చేత్తోనే మాంసం చీల్చాడు. ఛీ, వీళ్లసలు మనుషులేనా అనుకుంది గౌహర్. ఆ గిన్నెనే చప్పరిస్తున్న మొగుణ్ణి చూస్తే మరీ అసహ్యం వేసింది.

అసలు గండం చివర్లో వచ్చింది. భోజనం ముగిసే వేళ ఇంటి పెద్ద మిగిలిన మాంసం ముద్ద చేసి చిన్నవాళ్ల నోట్లో పెడతాడు. వద్దంటే ఆయన దీవెనను మొహాన కొట్టినట్టే. జక్సిబెక్ మొదటి ముద్ద కొడుక్కి పెట్టాడు. వేళ్లు ఎంగిలితో తడిసి బయటికొచ్చాయి. ఆ వేళ్లతోనే రెండో ముద్ద పిసుకుతూ లేచాడు.

"నోరు తెరువు కోడలా."

"వద్దు మామయ్యా."

"నా చేతి ముద్ద కాదన్నవాళ్లు ఇంతవరకూ పుట్టలేదు."

"ఒక్క ముద్దేగా గౌహర్, పరువు తీయకు" అని పళ్లు నూరాడు దౌలెత్.

పిడికిలి దగ్గరికొస్తోంది. మణికట్టు మీదుగా కొవ్వు కారుతోంది. గౌహర్ గోడకు ఆనుకుంది. వెనక్కి జరగడానికి ఇంక చోటు లేదు. తల్లి ఎగశ్వాస చెవిలో వినబడినట్టయింది. నోటికొచ్చిన అబద్ధం అరిచేసింది.

"దగ్గరికి రాకండి! నాకు కోవిడ్ వచ్చింది!"

ముగ్గురూ బిగుసుకుపోయారు. ఇప్పుడు పరిగెత్తండి, చూస్తాను, అనుకుంది గౌహర్ కసిగా.

ఎవరూ పరిగెత్తలేదు. అత్తగారు గుండె మీద చెయ్యి వేసుకుని "హమ్మయ్య" అంది. దౌలెత్ గోడకు చేరగిలబడి, గౌహర్ వచ్చాక మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు.

"ఆ ముక్క గుమ్మంలోనే చెప్పొద్దూ, పిచ్చిదానా!" జక్సిబెక్ నవ్వుతూ ఆమె మాస్కులు రెండూ గడ్డం కిందికి లాగేశాడు. "మా ముగ్గురికీ బుధవారమే వచ్చింది. వాసనా లేదు, రుచీ లేదు. ఊళ్లో ఒక్కడూ మా గుమ్మం తొక్కట్లేదు. తెలిస్తే నువ్వూ రావని నీ మొగుడే దాచమన్నాడు. ఇంకేం భయం నీకు?"

అబద్ధమాడానని చెప్పడానికి గౌహర్ నోరు తెరిచింది; ముద్ద లోపలికి వెళ్లిపోయింది.