బెల్లం కొట్టు పేరయ్య

“పెళ్ళికూతుళ్ళు లేరండీ బాబూ! నా దగ్గరున్నవి బెల్లం దిమ్మలు. కావాలంటే తూకం వేసి పంపిత్తాను!” అని అరిచి మల్లేశ్వరరావు ఫోన్ కట్ చేశాడు.

పొద్దున కొట్టు తెరిచినప్పటి నుంచీ ఇదే గోల. ఒకాయన తన కొడుక్కి తెల్లటి పిల్ల కావాలన్నాడు. ఇంకొకావిడ రెండో సంబంధమైనా పరవాలేదు, అత్తగారు లేకపోతే చాలంది.

పక్క కొట్టు రామ్‌గోపాల్, విషయమేమిటో చూద్దామని తన ఫోన్ తీశాడు. ‘అనకాపల్లిలో పెళ్ళిసంబంధాలు చూసేవారు ఎవరు?’ అని వెతగ్గానే, ఏఐ ఏమాత్రం తడుముకోకుండా మల్లేశ్వరరావు పేరూ నంబరూ పైనే చూపించింది. ఎన్నో జంటల్ని కలిపిన పెద్దమనిషని మెచ్చుకుంది కూడా.

“నీ కొట్టు గురించి నెట్లో ఎవరో ‘ఈయన వల్లే మా చెల్లి పెళ్ళి గట్టెక్కింది’ అని రాసేడు బావా. అది చదివేసి నిన్ను పెళ్ళిళ్ళ పేరయ్యని చేసేసింది.”

“సారెకి బెల్లం టయానికి పంపేనురా నాయనా, పెళ్ళికొడుకుని కాదు!”

“నువ్వు నయం. నన్ను మొన్న రోలుగుంటలో రైలు దిగమంది. అక్కడ పట్టాలే లేవు, రైలేటి? ఇదేటని అడిగితే సారీ చెప్పి, అయితే రెండో ప్లాట్‌ఫారానికి వెళ్ళమంది.”

మల్లేశ్వరరావుకి నవ్వు రాలేదు. ఆయన మంట వేరు. ఊరందరూ సంబంధాలడుగుతున్న ఆ మనిషి ఇంట్లోనే, ముప్పై దాటిన కొడుకు గౌతమ్ పెళ్ళి కాకుండా ఉన్నాడు. కోడలు ఉద్యోగం చెయ్యకూడదని తండ్రి పట్టుబట్టి కూర్చున్నాడు. దానికి తోడు ఆయన నోరొకటి. వచ్చిన సంబంధాలన్నీ కాఫీలు చల్లారక ముందే లేచి వెళ్ళిపోయాయి. భార్య వరహాలక్ష్మి ఆయనతో మాట్లాడ్డం మానేసింది. ఈ ఏడు కూడా దాటిపోతే వాడికిక పెళ్ళే కాదేమోనని లోలోపల ఆయనకీ భయంగానే ఉంది. పైకి మాత్రం చెప్పడు.

ఫోన్ మళ్ళీ మోగింది.

“పెళ్ళిసంబంధాలు చూసేవారేనా అండీ? మాది ఎలమంచిలి. నా పేరు త్రినాధరావు.”

మల్లేశ్వరరావు తిట్టడానికి నోరు తెరిచాడు.

“మీ ఊళ్ళో బెల్లం వ్యాపారి మల్లేశ్వరరావుగారని ఉన్నారట. వాళ్ళబ్బాయి ఎలాటోడో మిమ్మల్ని అడుగుదామని.”

వస్తున్న తిట్టు గొంతులోనే ఆగిపోయింది. మల్లేశ్వరరావు గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచి, పంచె సర్దుకుని, గొంతు కూడా సర్దుకున్నాడు.

“అడగండి, అడగండి! నేనున్నది అందుకే కదండీ! ఆ కుర్రాడు మేలిమి బంగారం. వక్కపొడి కూడా ముట్టడు.”

“అబ్బాయి సంగతి సరే. తండ్రికే నోటిదురుసు ఎక్కువట. మొండిఘటమట?”

పక్కనే చెవి ఆనించి వింటున్న రామ్‌గోపాల్ నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. మల్లేశ్వరరావు చెవులు ఎర్రబడ్డాయి. తనని తాను తిట్టించుకుంటూ నవ్వుమొహం పెట్టడం ఆయన జన్మలో ఎరగడు.

“ఒకప్పుడు... కాస్త అలాగే ఉండేవోడండి. ఇప్పుడు బాగా మెత్తబడ్డాడు,” అన్నాడు పళ్ళ బిగువున.

“మా అమ్మాయి బ్యాంకులో చేత్తందండి. ఉద్యోగం మానదు. ఆయనేమో మానిపించేత్తాడని అందరూ చెప్తన్నారు.”

‘ఒప్పేసుకో బావా’ అని రామ్‌గోపాల్ చేతులు జోడించి దండం పెట్టాడు. మంచి సంబంధం. ఇదీ పోతే మళ్ళీ ఎప్పుడొస్తుందో. పట్టుదల ఒక పక్కకి లాగింది, కొడుకు మొహం ఇంకో పక్కకి లాగింది. కొడుకే గెలిచాడు.

“ఎందుకు మానాలండీ? చక్కటి ఉద్యోగం! ఆయన నోరెత్తితే నేను చూసుకుంటాను. నేను గీసిన గీత దాటడు.”

“అంత గట్టిగా చెప్తన్నారా?”

“ఆయన తరఫున నేనే మాటిత్తన్నాను. ఇంకేటీ ఆలోచించకండి, తాంబూలాలు పుచ్చేసుకోండి!”

చెప్పేశాక గుండె తేలికైంది. పొద్దుట్నుంచీ నోటికొచ్చినట్టు తిట్టిన ఆ ఏఐకి మనసులోనే ఒక దండం పెట్టుకున్నాడు.

అవతల ఎవరో నవ్వు ఆపుకుంటున్న చప్పుడు. తర్వాత గౌతమ్ గొంతు వినిపించింది.

“నాన్నా, అమ్మా నేనూ ఎలమంచిలిలో వీళ్ళింట్లోనే ఉన్నాం. స్పీకర్ ఆన్‌లో ఉంది. నువ్వు చెప్పేవని అమ్మ తాంబూలం పుచ్చేసుకుంది.”