విషం బోర్డు

“ఆ బోర్డు రాయించిన నన్ను చెప్పుతో కొట్టాలి!” అన్నాడు సీతాకోకచిలుకల తోట యజమాని, గేటు బయట ఆగిన జీపును చూస్తూ.

పిల్లలు పట్టుకుని రెక్కలు విరిచేస్తున్నారని ‘ఇవి విషపు సీతాకోకచిలుకలు, ముట్టుకోవద్దు’ అని బారెడు అక్షరాలతో రాయించింది ఆయనే. పిల్లలు ఆగారు. ఆఫీసరు మొదలయ్యాడు. విషమున్న జీవాల్ని జనం మధ్య ఉంచకూడదట! ఇది నాలుగో తనిఖీ. ఇవాళ సంతకం పడకపోతే సాయంత్రానికి గేటుకు తాళం. పద్దెనిమిదేళ్ల కష్టం మట్టిపాలు.

“నాన్నా, ఆఫీసరు వీటి సంఖ్య తగ్గించమన్నాడు కదా, పొద్దున్నే నేను...” అంది కూతురు.

“తర్వాత చెప్పవే తల్లీ! ముందు ఈయన గోల చూడనీ.”

వల కట్టిన షెడ్డులో అరచేయంత సీతాకోకచిలుకలు తిరుగుతున్నాయి. నల్లటి రెక్కలు, ఎర్రటి చుక్కలు, వెనక చిన్న తోకలు. ఒకటి వచ్చి భుజం మీద వాలేసరికి ఆఫీసరు ఎగిరి గంతేశాడు.

“చూశారా? మీదకే వస్తున్నాయి!”

“వాలితే ఏం కాదు సార్. పురుగుగా ఉన్నప్పుడు విషపు తీగ ఆకులు తింటాయి. ఆ విషం ఒంట్లో ఉండిపోతుంది. మింగిన పిట్ట కక్కుకుంటుంది, అంతే. నాలుగోసారి చెబుతున్నాను.”

“పసిపిల్ల నోట్లో పెట్టుకుంటే?”

“ఎందుకు పెట్టుకుంటుంది సార్?”

“పెట్టుకుంటే?”

“ఏమీ కాదు!”

“మీకేం, ఎన్నయినా చెబుతారు. ఏదీ, మీరు తిని చూపించండి.”

యజమానికి అరికాలి మంట నెత్తికెక్కింది. నాలుగు తనిఖీలు, పదకొండు దరఖాస్తులు, లెక్కలేనన్ని దండాలు! విసవిసా నడిచివెళ్లి, మూలనున్న నిమ్మమొక్క మీద వాలిన ఒకదాన్ని పట్టుకున్నాడు.

“నాన్నా, వద్దు!” కూతురు కేకపెట్టింది.

“నువ్వూరుకో!”

రెక్కలు తుంచేసి మిగతాది నోట్లో వేసుకున్నాడు. ఆమె పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకు లాగింది. ఆమెను పక్కకు తోసేసి, కరకరా నమిలి మింగాడు. ఆమె నేల మీద కూలబడి ఏడ్చేసింది.

ఆఫీసరుకు ముచ్చెమటలు పోశాయి. “కూర్చోండి... నీళ్లు తాగండి...” అంటూ పావుగంట సేపు ఆయన ముఖమూ, తన వాచీ మార్చి మార్చి చూశాడు. ఏమీ కాలేదు. గబగబా సంతకం గీకేసి జీపెక్కాడు.

జీపు మలుపు తిరిగిందో లేదో యజమాని పగలబడి నవ్వాడు. “ఏం నటించావే! నీ ఏడుపు చూసే కదా ఆయన బెదిరిపోయింది!”

“నాన్నా, ముందు కక్కెయ్యి!”

“పిచ్చిదానా, నేనంత వెర్రివాణ్ననుకున్నావా? నిమ్మాకు తిని పెరిగే నకిలీవి లేవూ? చూడ్డానికి అచ్చం వీటిలాగే ఉంటాయి, ఒంట్లో విషం చుక్క ఉండదు. పిట్టల్నే బోల్తా కొట్టిస్తాయి, ఇక ఆఫీసరెంత! అందుకే నిమ్మమొక్క దగ్గరికెళ్లి మరీ పట్టాను. కాస్త చేదుగా ఉంది, అంతే.”

కూతురు ఆయన చొక్కా పట్టుకుంది.

“నకిలీవన్నీ పొద్దున్నే బయటికి వదిలేశాను నాన్నా!”