తోక మీద గాటు

మడుగులో చేపలు ఎన్ని తిన్నా తరగవని ఎవరిచేతైనా చెప్పించుకోవాలని కొంగల కోరిక. లెక్క చూడమని ముసలి పీతను పెట్టాయి. పీత కొన్ని చేపలను పట్టి, తోక మీద డెక్కతో చిన్న గాటు పెట్టి, మళ్ళీ నీళ్ళలో వదిలేసింది. గాటు చేప దొరికితే తినకుండా వదిలేయమని కొంగలకు చెప్పింది.

మొదట్లో కొంగలకు గాటు చేప ఎప్పుడో ఒకటి దొరికేది. పీత నిశ్చింతగా ఉండేది. ఎండలు ముదిరేసరికి గాటు లేని చేప కనబడటమే గగనమైంది.

పీత పరుగున పెద్దకొంగ దగ్గరికి వెళ్ళింది. "అయ్యా, నేను గాటు పెట్టింది కొన్నిటికే. ఇప్పుడు అవే దొరుకుతున్నాయంటే తక్కినవన్నీ అయిపోయినట్టే. వానలు పడి ఇవి గుడ్లు పెట్టేదాకా నోరు కట్టుకోండి."

పెద్దకొంగ నోట్లో చేపను మింగి మిగతా కొంగల వైపు తిరిగింది. "చూశారుగా! ప్రతి చేప మీదా దీని డెక్క గుర్తే. మడుగును ఊడ్చేసిన దొంగ ఎవరో ఇంకా చెప్పాలా?"

కొంగలన్నీ ఛీ ఛీ అన్నాయి. నోట్లో చేపలున్నవి మాత్రం అనలేకపోయాయి.

ఆ పూట పీతను పంచుకు తిన్నాయి. మర్నాటి నుంచి గాటు చేపలను తిన్నాయి.

వానలకు మడుగు నిండింది. అందులో చేపలెన్ని మిగిలాయో ఇప్పుడు ఏ కొంగనడిగినా తప్పు లేకుండా చెబుతుంది.