గాలి మేస్త్రి గాలి మిషను

"ముప్పై రాత్రులు. రాత్రికి నాలుగు గంటలకి తగ్గకూడదు. పెట్టుకున్నారా సరే, లేదంటే గొంతుకి ఆపరేషనే!" అంది డాక్టరమ్మ, మాస్కూ గొట్టమూ ఉన్న మిషన్ని బల్ల మీద ముందుకి తోస్తూ.

పంక్చర్ల షాపాయన గొంతు తడుముకున్నాడు. అందరూ అతన్ని గాలి మేస్త్రి అంటారు. లారీ టైరు చెవి పక్కనే పేలినా చలించడు గానీ, కత్తి, సూది అంటే మాత్రం చంటిపిల్లాడితో సమానం.

"పెట్టుకోకుండానే పెట్టుకున్నానంటే మీకెలా తెలుస్తుందమ్మా?" అని అమాయకంగా అడిగాడు.

"మీరేం చెప్పక్కర్లేదు. లోపల చిప్పుంది, అదే చెబుతుంది."

పక్కనున్న భార్య మోచేత్తో పొడిచింది. "చాల్లెండి అతి తెలివి! నిద్రలో గంటకి నలభైసార్లు ఊపిరాగుతోందట మీకు. ఇక ఆ గురక! నేను కంటి నిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. బుద్ధిగా పెట్టుకోండి."

ఆ రాత్రి పెట్టుకున్నాడు. స్విచ్చి వేయగానే ముక్కులోకి గాలి తన్నుకొచ్చింది. రోజంతా ఊరి టైర్లకి గాలి కొట్టే మనిషికి ఇంటికొచ్చాక ఎవరో తనకే గాలి కొడుతున్నారు! "నేనేమన్నా లారీనటే?" అని అరవబోయాడు. నోరు తెరిచేసరికి ముక్కులోంచి వెళ్ళిన గాలి నోట్లోంచి బుస్సుమని బయటికొచ్చింది తప్ప మాట రాలేదు. భార్య కడుపు పట్టుకుని నవ్వింది. తిక్కరేగి మాస్కు పీకి పారేశాడు.

రెండో రోజు పొద్దున్నే అతనికి అసలు దోషం దొరికింది. "ఇది లీకవుతోందే!"

లీకంటే అతనికి పరువు సమస్య. మాస్కునీ మిషన్నీ షాపుకి తీసుకెళ్ళి, మాస్కుని అరచేతికి అదిమి, మిషను ఆన్ చేసి, నీళ్ళ తొట్టిలో ముంచాడు. బుడబుడమని బుడగలు! చూస్తే మాస్కు ముందువైపు వరసగా సన్నటి బెజ్జాలు. "ఎంత నాసిరకం సరుకు అంటగట్టారో!" అనుకుంటూ గరుకు కాగితంతో గీకి, సొల్యూషన్ పూసి, శుభ్రంగా ప్యాచీలు వేసేశాడు. ఆ రాత్రి మాస్కు పెట్టుకున్న రెండు నిమిషాలకి కళ్ళు తేలేశాడు.

మర్నాడు ఫోన్లో డాక్టరమ్మ కేకలు గది అవతలికి వినిపించాయి. "అవి మీరు వదిలిన ఊపిరి బయటికి పోవడానికి పెట్టిన బెజ్జాలు మహానుభావా! ముందు ఆ ప్యాచీలు పీకండి. రేపట్నించి మళ్ళీ ఒకటో రాత్రి!"

మళ్ళీ ఒకటో రాత్రి! మేస్త్రికి ఏడుపొక్కటే తక్కువ. షాపులో కూర్చుని తల పట్టుకుంటే, ఎదురుగా మేకుకి వేలాడుతున్న స్కూటర్ ట్యూబు కనిపించింది. గుండ్రంగా, మెత్తగా, అచ్చం తన బుగ్గలా ఉంది. మిషనుకి కావలసింది మాస్కు ఆనడానికో ముఖం. అది తన ముఖమే అయ్యుండాలని ఎక్కడ రాసుంది?

సాయంత్రం ప్యాచీలు పీకేసి, ట్యూబుకి గాలి నింపి, మాస్కు దానికి తొడిగి, పట్టీలు బిగించాడు. అంచుల్లో ఎక్కడా లీకు లేదు. ఆకుపచ్చ దీపం వెలిగింది. మొత్తం పట్టుకెళ్ళి పక్క గదిలో మంచమ్మీద పడుకోబెట్టి, ట్యూబుని ఆప్యాయంగా తట్టాడు.

"డాక్టరు కళ్ళలో కారం కొడతారా?" అని భార్య నోరు నొక్కుకుంది.

"కారం కాదే, గాలి!"

"మీ ఖర్మ!" అనేసి, అతని గురక మొదలవగానే ఎప్పటిలాగే తలగడ చంకన పెట్టుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

అక్కణ్ణించి రోజూ పొద్దున్న మిషను లెక్క చూడటమే అతనికి పండగ. ఏడు గంటలు. ఏడున్నర. ఓ ఆదివారం ఏకంగా తొమ్మిది! షాపులో మాత్రం కునికిపాట్లు తగ్గలేదు. గాలి కొడుతూ కొడుతూ నిద్రపోయి, ఎవరిదో సైకిల్ టైరు ఠప్పుమనిపించాడు. అయితేనేం, ఆపరేషన్ గండం గడిచింది కదా. ఆ సంతోషంతోనే కాబోలు, భార్య కూడా ఈమధ్య కళకళలాడుతూ కూనిరాగాలు తీస్తోంది.

ముప్పై రాత్రులూ గడిచాక, భార్య మిషను సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చోగా, మేస్త్రి ఆమె పక్కన కాలిమీద కాలేసుకుని కూర్చున్నాడు. డాక్టరమ్మ చిప్పు తీసి కంప్యూటర్లో పెట్టింది. చూస్తోంది. ఇంకా చూస్తోంది. కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చూసింది.

అప్పుడు తట్టింది మేస్త్రికి. ట్యూబు ఊపిరి పీల్చదు! నెల రోజులుగా ఊపిరి లేని మనిషిని డాక్టరు ఏమంటుంది? వేసిన కాలు దానంతటదే కిందికి దిగింది.

"అద్భుతం!" అంది డాక్టరమ్మ. "మొదటి రాత్రి గంటకి ముప్పైసార్లు ఊపిరాగింది. ఇప్పుడు రెండంటే రెండు. ఎంత హాయిగా ఊపిరి తీస్తున్నారండీ! ఆపరేషన్ ఊసే అక్కర్లేదు."

మేస్త్రి కుర్చీ అంచుకి జరిగాడు. "ఊ... ఊపిరి తీస్తోందా?"

"తీయక?"

"అమ్మా, నీకు దణ్ణం పెడతా!" అని లేచి నిలబడ్డాడు. "నేను ఒక్క రాత్రి కూడా పెట్టుకోలేదు. స్కూటర్ ట్యూబుకి కట్టి పడుకోబెట్టాను. ట్యూబు ఊపిరి పీల్చడమేంటి తల్లీ? ఆ మిషన్లో ఏదో ఉంది! నాకొద్దు, ఇప్పుడే వెనక్కి తీసేసుకోండి!"

 డాక్టరమ్మ పళ్ళు కొరుకుతూ, సంచి కోసం చెయ్యి చాపింది.

భార్య సంచిని గుండెలకి గట్టిగా హత్తుకుంది.

"ఆయనకి ఇంకోటి రాయండి డాక్టరుగారూ, నాది మాత్రం నేనివ్వను."